చెరువును పక్షి కళ్లతో చూసిన డాక్టర్ సలీం అలీ

కర్నూలు, కడప జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి నీటి విలువ ఒకరు చెప్పవలసిన పని లేదు. ఎండాకాలంలో మన చెరువు అడుగు నెర్రెలు బారి ఉంటుంది. ఆ దారిన పోయేవారికి అది ఎందుకూ పనికిరాని బయలుగా కనిపిస్తుంది. పిల్లలు అందులో క్రికెట్ ఆడుకుంటారు. ఇటుక బట్టీల వాళ్లు మట్టి తవ్వుకుపోతారు. ఊరి చెత్త బండి అక్కడే ఒరుగుతుంది. అదే చెరువు నాలుగు మంచి వానలు పడి నిండిందంటే కొద్ది వారాల్లో రూపే మారిపోతుంది. అంచుల్లో తుంగ మొలుస్తుంది, నీటిలో చేపలు, కప్పలు, నత్తలు పుడతాయి. చలికాలం వచ్చేసరికి ఎక్కడెక్కడి నుంచో బాతులు, కొంగలు గుంపులుగా వచ్చి వాలతాయి.

ఈ పక్షులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఇక్కడ నీళ్లున్నాయని వాటికెలా తెలుస్తుంది? చెరువు లేకుండా పోతే వాటి గతేమిటి? ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతకడంలోనే 90 ఏళ్ల జీవితాన్ని గడిపిన మహనీయుడు మర్హూమ్ డాక్టర్ సలీం అలీ. పక్షుల శాస్త్రవేత్తగా ఆయన పేరు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. అయితే పక్షుల వెంట నడిచిన ఆ మనిషి చివరికి చెరువులకు, సరస్సులకు, చిత్తడి నేలలకు కూడా రక్షకుడయ్యారన్న సంగతి చాలామందికి తెలియదు. ఏడాది పొడవునా గానీ, కొన్ని నెలలు గానీ నీరు నిలిచి, మెత్తగా తడిగా ఉండే నేలనే చిత్తడి నేల అంటారు. ఆ లెక్కన మన ఊరి చెరువు, కుంట కూడా చిత్తడి నేలలే.

యతీమ్ బాలుడు, పసుపు మెడ పిచ్చుక

సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో సులేమానీ బోహ్రా ముస్లిం కుటుంబంలో జన్మించారు. తండ్రి మొయిజుద్దీన్, తల్లి జీనతున్నిసా. ఇంట్లో అందరికంటే చిన్నవాడు ఆయనే. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ల వయసులో తల్లి కన్నుమూశారు. ఊహ తెలియకముందే యతీములైన ఆ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్‌జీ, ఆయన భార్య హమీదా బేగం తమ ఇంటికి తెచ్చుకున్నారు. ఆ దంపతులకు సంతానం లేదు. ఖేత్‌వాడీలోని ఆ ఇల్లు మేనల్లుళ్లతో, మేనకోడళ్లతో నిండిపోయింది. స్వాతంత్ర్య పోరాటంలో పేరుపొందిన అబ్బాస్ తయ్యబ్‌జీ కూడా సలీం అలీకి మామ వరుసే.

ఆ కాలపు కలిగిన ఇళ్లలో వేట ఒక సరదా. మేనమామ పిల్లవాడికి గాలి తుపాకీ కొనిచ్చారు. సలీం దానితో పిచ్చుకలను కొట్టి వంటవాడికి ఇస్తే అతను వండి పెట్టేవాడు. 1908 ప్రాంతంలో ఒకనాడు అతను కొట్టిన పిచ్చుక మెడ కింద పసుపు మచ్చ కనిపించింది, కూర మరక అంటినట్లుగా. ఇది రోజూ చూసే పిచ్చుక కాదు. దీన్ని తినవచ్చునా, తినకూడదా అన్న సందేహం కలిగింది. వంటింట్లోకి తీసుకుపోవలసిన పిట్టను మేనమామ దగ్గరకు పట్టుకుపోయాడు.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. పక్షుల గురించి అమీరుద్దీన్‌కు ఎంతో కొంత తెలుసు. అయినా ఆ పిట్ట ఏదో ఆయన పోల్చుకోలేకపోయారు. తోచిన జవాబేదో చెప్పి పిల్లవాడిని పంపేయలేదు. పనికిమాలిన ప్రశ్నలు వేస్తున్నావని కసురుకోలేదు. తెలిసినవారి దగ్గరకు పొమ్మని చీటీ రాసి పంపారు. ఆ తెలిసినవారు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ అనే ఇంగ్లీషు దొర. ఆ సంస్థ 1883లో ఏర్పడింది.

బెదురుతూ లోపలికి వెళ్లిన బాలుడిని మిల్లార్డ్ ఆదరించారు. అది పసుపు మెడ పిచ్చుక అని చెప్పి, బీరువాలు తెరిచి, గడ్డి కూరి భద్రపరచిన వందలాది పక్షులను ఒక్కొక్కటే చూపించారు. చదువుకోమని పుస్తకాలు ఇచ్చారు. పక్షి చర్మాన్ని ఒలిచి, పాడుకాకుండా ఉంచే విద్య నేర్పించే ఏర్పాటు చేశారు. వంట కోసం కొట్టిన ఒక పిట్ట ఒక జీవితాన్నే మలుపు తిప్పింది. 1985లో తన ఆత్మకథ రాసినప్పుడు దానికి ఆయన పెట్టుకున్న పేరు కూడా ఒక పిచ్చుక నేలకొరగడం గురించే.

పట్టా లేని పండితుడు

సలీం అలీ బడి చదువులో వెనుకబడిన విద్యార్థి. తరచూ తలనొప్పి బాధించేది. లెక్కలంటే భయం. 1913లో బొంబాయి విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షలో ఎలాగో గట్టెక్కారు. కళాశాల మొదటి సంవత్సరంలోనే చదువు వదిలి బర్మాలోని తవాయ్‌కి వెళ్లిపోయారు. అక్కడ కుటుంబానికి టంగ్‌స్టన్ గని, కలప వ్యాపారం ఉండేవి. వ్యాపారం చూడమని పంపితే ఆయన కళ్లు అడవిలోని పక్షుల మీదే ఉండేవి. 1917లో బొంబాయికి తిరిగివచ్చి వాణిజ్య చదువు చదివారు. ఆ పక్కనే జంతుశాస్త్రం కూడా నేర్చుకున్నారు. 1918లో తహ్మీనా బేగంతో వివాహమైంది.

ప్రభుత్వ జంతు సర్వే శాఖలో పక్షి శాస్త్రవేత్త ఉద్యోగానికి ప్రయత్నించారు. విశ్వవిద్యాలయ పట్టా లేదన్న కారణంతో అది దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే ఉద్యోగం వచ్చింది. రెండేళ్లకు సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో స్ట్రెసెమాన్ అనే గొప్ప పక్షి శాస్త్రవేత్త దగ్గర శిష్యరికం చేశారు. పక్షిని చంపి చూడడం కంటే బ్రతికి ఉన్న పక్షిని ఓపికగా గమనించడమే పెద్ద విద్య అని ఆయనకు అక్కడ బోధపడింది. వలస పక్షుల కాలికి చిన్న ఉంగరం తొడిగి వాటి ప్రయాణాన్ని తెలుసుకునే పద్ధతినీ జర్మనీలోనే హెలిగోలాండ్ దీవిలో చూశారు.

1930లో ఇంత విద్యతో తిరిగివస్తే బొంబాయిలో ఉద్యోగమే లేదు. నిధులు లేవని ఆ పోస్టునే ఎత్తేశారు. మరొకరైతే కుంగిపోయేవారు. సలీం అలీ దంపతులు ఖర్చు తక్కువని బొంబాయికి సముద్రం అవతల ఉన్న కిహీం అనే పల్లెకు మకాం మార్చారు. ఆ వానాకాలంలో ఇంటి దగ్గరి చెట్టు మీద గిజిగాళ్లు గూళ్లు కట్టడం ఆయన కంటపడింది. రోజుల తరబడి కూర్చుని గమనించారు. మగ గిజిగాడు సగం కట్టిన గూటిని ఆడపిట్ట వచ్చి పరిశీలించి, నచ్చితేనే లోపల చేరుతుందని, ఆ తరువాత మగపిట్ట ఇంకొక గూడు మొదలుపెట్టి ఇంకొక ఆడపిట్టను పిలుస్తుందని తెలుసుకుని ప్రకటించారు. మన బావుల మీద వేలాడే ఆ గూళ్లను తరతరాలుగా అందరం చూస్తున్నాం. చూడడానికీ, గమనించడానికీ తేడా ఎంతో ఈ ఒక్క విషయమే చెబుతుంది. నిరుద్యోగంలో చేసిన ఈ పనే ఆయనకు మొదటి పేరు తెచ్చింది.

నిజాం రాజ్యంలో పక్షుల లెక్క

ఆ రోజుల్లో సంస్థానాల్లోని పక్షుల వివరాలు ఎక్కడా సరిగా నమోదై ఉండేవి కావు. సలీం అలీ ఒక ఉపాయం ఆలోచించారు. జీతం అక్కరలేదు, ప్రయాణం ఖర్చులు భరిస్తే చాలు, మీ రాజ్యంలోని పక్షులన్నిటినీ పరిశీలించి రాసిస్తానని ముందుకు వచ్చారు. అలా చేసిన తొలి పెద్ద పని మన హైదరాబాదు సంస్థానంలోనే. 1931, 1932 సంవత్సరాల్లో ఆ పరిశీలన సాగింది. తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియర్, ఇందూరు, భోపాలు సంస్థానాలు తిరిగారు. ఎడ్లబండ్ల మీద, కాలినడకన, గుడారాల్లో సాగిన ఆ జీవితంలో తహ్మీనా బేగం ఆయన వెంటే నడిచారు. సుఖంగా పెరిగిన ఇల్లాలు భర్త పనిని తన పనిగా చేసుకుని అడవుల్లో కాపురం చేసింది.

ఆ యాత్రలో ఆయన నల్లమల అడవుల్లోని అమ్రాబాద్ పీఠభూమికి కూడా వచ్చారు. ఆ కొండల కింద కృష్ణ పారుతుంది. కృష్ణకు ఇవతల మన కర్నూలు సీమ నల్లమల. నదికి అటూ ఇటూ రాజ్యాలు వేరు, పక్షులకు మాత్రం ఆ ఎల్లలు లేవు.

1939లో ఒక చిన్న శస్త్రచికిత్స తరువాత తహ్మీనా బేగం మరణించారు. సలీం అలీకి సంతానం లేదు. ఆ దెబ్బ నుంచి ఆయనను నిలబెట్టింది చేతిలోని పనే. సోదరి ఇంట్లో ఉంటూ పుస్తకం పూర్తి చేశారు. 1941లో వచ్చిన ఆ భారతీయ పక్షుల పుస్తకం దేశంలో వేలాదిమందికి మొదటిసారి పక్షుల పేర్లు నేర్పింది. ఆయన మరణించిన తరువాత కూడా అది మళ్లీ మళ్లీ అచ్చవుతూ వచ్చింది.

వేటగాళ్ల సరస్సుకు కొత్త ప్రాణం

ఇక ఆయన జీవితంలో మనకు అతి ముఖ్యమైన ఘట్టానికి వద్దాం. రాజస్థాన్‌లో భరత్‌పూర్ అనే ఊరు ఉంది. దాని పక్కన సుమారు 29 చదరపు కిలోమీటర్ల పల్లపు నేల. ఇది ప్రకృతి సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. 18వ శతాబ్దంలో సూరజ్‌మల్ రాజు కట్టించిన అజాన్ బంధం నుంచి నీరు వదలగా, తరువాతి రాజులు కట్టలు, తూములు వేయించగా నిలిచిన నీరు. అంటే మన చెరువు ఎలా పుట్టిందో ఆ సరస్సు కూడా అలాగే మనిషి చేతుల మీదుగా పుట్టింది.

ఎందుకు పుట్టించారు? బాతుల వేట కోసం. చలికాలంలో సైబీరియా, మధ్య ఆసియాల నుంచి వచ్చే లక్షలాది పక్షులు అక్కడ దిగేవి. రాజుగారు తెల్లదొరలను పిలిచి వేట విందులు చేసేవారు. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో, ఆయన పరివారం ఒక్క రోజులో 4,273 పక్షులను కాల్చి పడేశారు. ఆ లెక్కను గొప్పగా రాతి పలక మీద చెక్కించారు, నేటికీ అక్కడికి వెళ్లినవారికి ఆ పలక కనిపిస్తుంది. సరిగ్గా ఆ రోజే సలీం అలీకి 42 ఏళ్లు నిండాయి. ఆ సరస్సును కాపాడబోయే మనిషి పుట్టినరోజూ, దాని అతి పెద్ద సంహారం జరిగిన రోజూ ఒకటే కావడం చిత్రం.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. రాజుల కాలం పోయింది. అప్పుడు మరొక ప్రమాదం వచ్చిపడింది. ఈ నీటిని తోడేసి భూమిని సాగు కోసం పంచాలని చుట్టుపక్కల గట్టి కోరిక పుట్టింది. ఆ కోరిక అన్యాయమని అనలేం. ఆకలితో ఉన్న దేశం అది. రాజుల విలాసం కోసం నిలిపిన నీరు రైతు పొలానికి ఎందుకు పోకూడదని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఎండగట్టిన తరువాత ఆ నేలను మళ్లీ సరస్సుగా చేయడం ఎవరి తరమూ కాదని సలీం అలీకి తెలుసు. ఆయన ఆ విషయాన్ని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దాకా తీసుకువెళ్లారు. సరస్సు నిలిచింది. రాజవంశానికి మిగిలిన వేట హక్కులు కూడా 1972లో ముగిసిపోయాయి.

1971లో ఇరాన్ దేశంలో కాస్పియన్ సముద్ర తీరాన ఉన్న రామ్‌సర్ అనే ఊళ్లో అనేక దేశాలు కూడి చిత్తడి నేలలను కాపాడుకోవాలని ఒక ఒడంబడిక చేసుకున్నాయి. ఆ ఒడంబడిక జాబితాలోకి మన దేశం నుంచి 1981లో మొట్టమొదట చేరినవి రెండు. ఒకటి ఒరిస్సాలోని చిలికా, రెండోది ఈ భరత్‌పూర్ సరస్సు. 1982లో అది జాతీయ పార్కు అయింది, 1985లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. మన రాష్ట్రంలోని కొల్లేరు 2002లో అదే రామ్‌సర్ జాబితాలో చేరింది. నేడు ఆ జాబితాలో మన దేశపు చిత్తడి నేలలు 90కి పైగా ఉన్నాయి.

కాలికి ఉంగరం, చేతికి చిరునామా

1957లో అప్పటి మైసూరు రాష్ట్రంలోని క్యాసనూరు అడవిలో ఒక కొత్త జ్వరం బయటపడింది. ఇలాంటి రోగాల క్రిములను వలస పక్షులు మోసుకువస్తున్నాయేమో చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ తలచింది. ఆ సాయంతో సలీం అలీ ఎన్నో ఏళ్లుగా కోరుకుంటున్న పని మొదలైంది. పక్షులను ప్రాణంతో పట్టి, కాలికి అల్యూమినియం ఉంగరం తొడిగి వదలడం. ఉంగరం మీద ఒక అంకె, సమాచారం తెలపవలసిన బొంబాయి సంస్థ పేరు ఉంటాయి.

పక్షికి దెబ్బ తగలకుండా పట్టడం శాస్త్రవేత్తలకు చేతకాదు. ఆ విద్య బీహారులోని మీర్‌షికార్లకు తెలుసు. వారు తరతరాలుగా పక్షులను పట్టి అమ్ముకుని బ్రతికే పేద ముస్లింలు. వలలు, ఉచ్చులు, పక్షుల కూతను అనుకరించడం వారికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. సలీం అలీ వారిని చిన్నచూపు చూడలేదు. పిలిపించి, పనిలో పెట్టుకుని, వారి దగ్గర తానూ నేర్చుకున్నారు. చంపడానికి పనికివచ్చిన విద్యే కాపాడడానికీ పనికివచ్చింది.

కాలం గడిచిన కొద్దీ సోవియట్ దేశపు దూర ప్రాంతాల నుంచి జాబులు రాసాగాయి. భరత్‌పూర్‌లో ఉంగరం తొడిగిన బాతు కజకిస్తాన్‌లో దొరికిందనీ, సైబీరియాలో దొరికిందనీ. దాంతో ఒక సత్యం అంకెలతో సహా రుజువైంది. సైబీరియా బాతుకు అక్కడి గూడు ఎంత అవసరమో ఇక్కడి చెరువు అంత అవసరం. ఈ దారిలో ఏ ఒక్క మజిలీ ఎండిపోయినా ప్రయాణం తెగిపోతుంది. పట్టెతల బాతులు హిమాలయాల మీదుగా ఎగిరి దక్షిణాదికి వస్తాయి. అలా వచ్చే బాటసారికి మన చెరువు ఒక ముసాఫిర్‌ఖానా. దాని తలుపులు మూస్తే నష్టపోయేది ఆ ఊరు ఒక్కటే కాదు.

పెద్దల పొరపాటూ పాఠమే

మహనీయుల జీవితం చెప్పేటప్పుడు మంచి మాత్రమే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. భరత్‌పూర్ సరస్సులో చుట్టుపక్కల పల్లెల గేదెలు మేసేవి. అవి పక్షులకు చేటు చేస్తాయని ఆనాటి శాస్త్రజ్ఞులు అనేకులు నమ్మారు. సలీం అలీ అభిప్రాయమూ అదే. 1982లో జాతీయ పార్కు అయ్యాక మేతను ఆపేశారు. పల్లె జనం తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో గ్రామస్థులు కొందరు ప్రాణాలు కోల్పోయారు. పక్షుల కోసం మనుషుల ప్రాణాలు పోవడం కంటే విచారకరం ఏముంటుంది?

ఆ తరువాత జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. సలీం అలీ పెంచి పెద్దచేసిన బొంబాయి సంస్థ శాస్త్రవేత్తలే ఆ సరస్సును పదేళ్లపాటు పరిశీలించారు. గేదెలు మేయడం ఆగిపోయాక ఒక రకం గడ్డి విపరీతంగా పెరిగి నీటిని కప్పేసిందని, బాతులు దిగడానికి చోటే తగ్గిందని, గేదెల మేత నిజానికి సరస్సుకు మేలే చేసిందని తేల్చారు. ఆ ఫలితం వెలువడేనాటికి సలీం అలీ ఈ లోకంలో లేరు. గురువు అభిప్రాయం తప్పని శిష్యుల పరిశోధన తేల్చింది, సంస్థ దాన్ని దాచిపెట్టలేదు. ఇల్మ్ గొప్పతనం ఇదే. చెరువు అంటే పక్షి ఒక్కటే కాదు, నీరు ఒక్కటే కాదు. గేదె, గడ్డి, చేప, జాలరి, రైతు, పక్షి అన్నీ కలిస్తేనే చెరువు. ఏ ఒక్కరిని వెళ్లగొట్టినా మిగిలినవారికి కూడా కష్టమే.

కడప అడవిలో కలివికోడి

సలీం అలీ పేరు మన సీమతో ముడిపడిన మరొక సంగతి ఉంది. కలివికోడి అనే పక్షిని జెర్డాన్ అనే సైనిక వైద్యుడు సేకరించగా 1848లో లోకానికి తెలిసింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించిన తరువాత మళ్లీ ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. అది ఇంకా బ్రతికే ఉండవచ్చునన్న ఆశతో సలీం అలీ, ఆయన సంస్థ వెతుకులాట సాగించారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల చెంత రెడ్డిపల్లె దగ్గర, స్థానిక వేటగాడి సాయంతో, ఆ సంస్థ పరిశోధకుడు భరత్ భూషణ్‌కు అది దొరికింది. 86 ఏళ్ల తరువాత! అప్పటికి సలీం అలీకి 89 ఏళ్లు. 1988లో అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అదే ఏట కర్నూలు జిల్లా రోళ్లపాడులో బట్టమేక పక్షి కోసం మరొక అభయారణ్యం వెలసింది. బట్టమేక పక్షిని మన జాతీయ పక్షిగా ఎంచుకోవాలని సలీం అలీ కోరుకున్నారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది.

కలివికోడి, బట్టమేక పక్షి మెట్టనేల పక్షులు. నీటి పక్షులు కావు. అయినా ఇక్కడ వాటి ప్రస్తావన ఎందుకంటే, మెట్టనూ చెరువునూ ఒకే దురదృష్టం వెంటాడుతోంది. రెంటినీ మనం బంజరు అని పిలుస్తాం. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం కలివికోడి తిరిగే పొదల నేలలోకి వచ్చింది. తరువాత కాలువ దారి మార్చారు. నీరూ కావాలి, పక్షీ కావాలి అనుకుంటే దారి దొరుకుతుందని అది నిరూపించింది. కానీ ఆ కలివికోడి ఏళ్ల తరబడి మళ్లీ కంటపడలేదు. రోళ్లపాడులో బట్టమేక పక్షి కూడా కనుమరుగైంది. ఆలస్యానికి మూల్యం ఎంతో ఈ రెండు పక్షులే చెబుతాయి.

చివరి రోజులు

1968 నుంచి 1974 వరకు అమెరికా శాస్త్రవేత్త డిల్లన్ రిప్లీతో కలిసి సలీం అలీ భారత, పాకిస్తాన్ పక్షుల మీద పది సంపుటాల మహాగ్రంథం వెలువరించారు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. ఆ సంవత్సరాల్లోనే వచ్చిన అంతర్జాతీయ బహుమతి సొమ్మును ఆయన తన ఇంటికి తీసుకుపోలేదు, ప్రకృతి రక్షణ కోసం బొంబాయి సంస్థకే ఇచ్చేశారు. పట్టా లేదని ఒకప్పుడు ఉద్యోగం నిరాకరించిన దేశంలోనే అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం 1958లో, ఢిల్లీ విశ్వవిద్యాలయం 1973లో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1978లో గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు.

ఆయనకు మోటారు సైకిళ్లంటే మహా ఇష్టం. 1950లో స్వీడన్‌లో జరిగిన పక్షి శాస్త్రవేత్తల మహాసభకు వెళ్తూ తన మోటారు సైకిల్‌ను ఓడలో ఎక్కించుకుని పోయారు. మతాచారాల విషయంలో ఆయన తన దారిన తాను నడిచారు, దాన్ని దాచుకోలేదు కూడా. అది ఆయనకూ, ఆయనను సృష్టించినవాడికీ మధ్య విషయం. మనం నేర్చుకోవలసింది ఆయన పనిలోని నిజాయితీ, ఓపిక. 1987లో 90 ఏళ్ల వయసులో ఆయన బొంబాయిలో మరణించారు. కోయంబత్తూరులో 1990లో నెలకొన్న పక్షి పరిశోధన కేంద్రానికి, గోవాలోని పక్షుల ఆశ్రయానికి ఆయన పేరు పెట్టారు.

మన చేతిలోని అమానత్

మన పెద్దలు చెరువు విలువ ఎరిగినవారే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరి శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. రోజూ వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేస్తే అది పూర్తయిందని ఆ శాసనం చెబుతుంది. మంచి చెరువుకు ఏమేమి ఉండాలో, ఏ దోషాలు ఉండకూడదో కూడా అందులో చెక్కించారు. ఆరున్నర శతాబ్దాల కిందటి ఆ వివేకం మన ఇంటి ముంగిటే ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో ఏటా ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలుగా చూసుకుంటారు. అయితే చెట్టు ఉన్నంత మాత్రాన కొంగ బ్రతకదు. పిల్లలకు మేత తేవడానికి చుట్టుపక్కల చెరువుల్లో నీరుండాలి, చేపలుండాలి.

1970 తరువాత 45 ఏళ్లలోనే ప్రపంచంలోని చిత్తడి నేలల్లో మూడో వంతుకు పైగా మాయమయ్యాయని రామ్‌సర్ ఒడంబడిక నివేదిక తేల్చింది. అవి ఎక్కడో దూరదేశాల్లో మాత్రమే మాయం కాలేదు. ఎండిన చెరువు అడుగున రాళ్లు పాతి ప్లాట్లు వేయడం, వాగు దారిలో గోడ కట్టడం మన కళ్ల ముందే జరుగుతున్నాయి. ఆ ప్లాటు కొనేవారిలో మనవాళ్లూ ఉంటారు, బిడ్డ పెళ్లికో కొడుకు ఇంటికో అని చవకగా వచ్చిందని కొంటారు. కానీ నీరు తన జాగాను మరచిపోదు. వాన వచ్చిన నాడు వెతుక్కుంటూ వస్తుంది. రానినాడు బావి ఎండిపోతుంది, బోరు ఇంకా లోతుకు దిగుతుంది. చెరువులో నిలిచిన నీరే ఇంకి మన బావుల్లోకి చేరుతుందన్నది ఏ రైతును అడిగినా చెబుతాడు. వర్షం తక్కువ పడే సీమలో నీటి జాగాను అమ్ముకోవడం రేపటి పిల్లల దాహాన్ని అమ్ముకోవడమే.

సలీం అలీ జీవితం పెద్ద చదువుతో మొదలుకాలేదు. ఒక యతీమ్ పిల్లవాడి చిన్న సందేహంతో, తనకు తెలియదని ఒప్పుకున్న ఒక మేనమామ మంచితనంతో మొదలైంది. ఈ చలికాలం ఒక సాయంత్రం అస్ర్ నమాజు తరువాత మీ పిల్లలను వెంటబెట్టుకుని ఊరి చెరువు కట్ట మీదకు నడవండి. నీళ్లలో వాలిన పిట్టను చూసి వారు ఏదో ఒకటి అడుగుతారు. జవాబు తెలిస్తే చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పి, తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్లండి. అలా అడగడానికి చెరువంటూ ఒకటి మిగిలి ఉండేలా చూసే బాధ్యత మాత్రం పెద్దలమైన మనదే.